డ్రైవింగ్‌లో సెల్‌ఫోన్: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తిరుపతిలో చిన్న ట్రావెల్స్. నాలుగు కార్లు, ఒక టెంపో ట్రావెలర్. రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కించుకొని కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు తిప్పి తెస్తాం. చెన్నై, బెంగళూరు ఎయిర్‌పోర్టు డ్రాపులూ ఉంటాయి. బండి నడుస్తున్నంతసేపు మా డ్రైవర్లు ఫోన్ ఎత్తరు. ఈ సంగతి తెలియని కస్టమర్లు ఆఫీసుకు ఫోన్ చేసి అరుస్తారు. తెలిసినవాళ్ళు ఎందుకని అడుగుతారు. కొత్తగా చేరిన డ్రైవర్లయితే వారం రోజులు అదే అడుగుతారు. అందరికీ ఒక్కొక్కరికి చెప్పలేక ఇక్కడ రాసి పెట్టాను.

ఒక్క నిమిషం మాట్లాడితే ఏమవుతుంది?

చాలాసార్లు ఏమీ కాదు. అందుకే అలవాటవుతుంది. పదిసార్లు మాట్లాడి పదిసార్లూ క్షేమంగా ఇల్లు చేరినవాడికి పదకొండోసారి భయం ఎక్కడి నుంచి వస్తుంది?

లెక్క మాత్రం ఇలా ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మెసేజ్ ఎవరిదో చూసి రెండు ముక్కలు చదవడానికి ఐదు సెకన్లు అనుకుందాం. ఆ ఐదు సెకన్లలో బండి 83 మీటర్లు దాటేస్తుంది. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే అది మూడున్నర రైలు పెట్టెల పొడవు. హైవేలో 80 మీద పోతుంటే 111 మీటర్లు, అంటే దగ్గర దగ్గర ఐదు పెట్టెలు. బ్రేకు మీద కాలు పడకముందే పోయిన దూరం ఇది. బ్రేకు తొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం వేరే. ఇంత దూరం కళ్ళు మూసుకొని నడపమంటే ఏ డ్రైవరూ ఒప్పుకోడు.

బ్లూటూత్‌లో మాట్లాడితే చేతులు ఖాళీయే కదా?

నేనూ అదే అనుకున్నాను. కొన్నేళ్ళ కిందట మా కార్లన్నిటికీ బ్లూటూత్ పెట్టించింది నేనే. ఫోన్ చేత్తో పట్టుకుంటే ఊరుకునేవాణ్ణి కాదు. బ్లూటూత్‌లో అయితే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అప్పటి మా రూలు అది.

ఒకరోజు తెల్లవారుజామున కాణిపాకంలో పార్టీని దింపి ఖాళీగా తిరిగొస్తున్న డ్రైవరుకు నేనే ఫోన్ చేశాను. ఆరున్నరకు స్టేషన్ దగ్గర ఇంకో పార్టీ ఉంది, ఏడుగురు. ఉన్న బండిలో సర్దుదామా, టెంపో పంపుదామా అని ఇద్దరం లెక్కలు వేస్తున్నాం. అతను పాకాల దాటాడు. "ఏడు మంది పడతారన్నా, లగేజీకే..." అని ఆగిపోయాడు. టైర్లు కీచుమన్నాయి. తర్వాత ఏదో డబ్బా రోడ్డు మీద దొర్లుతున్న చప్పుడు. చాలాసేపు దొర్లింది అది. నేను "హలో, హలో" అంటూనే ఉన్నాను.

పాలాయన. పల్లె దారిలో నుంచి మోపెడ్ మీద రోడ్డెక్కుతున్నాడు, అటొక క్యాను, ఇటొక క్యాను. నేను పోయేసరికి ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు. రోడ్డంచున పాలు మట్టిలోకి ఇంకి, పైన తెల్లగా చారలు కట్టి ఉన్నాయి. క్యాను మూత ఒకటి అవతలి వైపు తుప్పల్లో దొరికింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది, ప్రాణానికి ముప్పు లేదన్నారు. మూడు నెలలు ఆయన ఇల్లు గడవడానికి మేం ఇచ్చింది ఇచ్చాం. అది వేరే లెక్క.

డ్రైవరు ఆ రోజు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆయన్ని చూశానన్నా. రోడ్డెక్కతా ఉంటే చూశాను. బుర్రకెక్కలేదు." అబద్ధం చెబుతున్నాడనుకున్నాను. చేతులు స్టీరింగ్ మీద, కళ్ళు రోడ్డు మీద, మోపెడ్ ఎదురుగా. చూసినవాడు బ్రేకెందుకు వేయడు?

అతను చెప్పింది నిజమేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేశారు. హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతూ నడిపినవాళ్ళ చూపు ఎక్కడ పడుతోందో యంత్రంతో కనిపెట్టారు. చూపు బోర్డుల మీద పడిందని యంత్రం చెప్పినా, తర్వాత అడిగితే ఆ బోర్డుల్లో చాలావాటిని వాళ్ళు గుర్తుపట్టలేకపోయారు. కన్ను చూస్తుంది, మనసు ఫోన్‌లో ఉంటుంది. మా డ్రైవరు మనసు ఆ క్షణంలో ఏడుగురి లగేజీ సర్దుతోంది. ఆ పని అప్పజెప్పింది నేను.

1997లోనే కెనడాలోని టొరంటోలో, యాక్సిడెంట్ చేసిన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు తెప్పించి పరిశీలించారు. ఫోన్‌లో ఉన్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఉందని తేలింది. చేత్తో పట్టుకున్నవాళ్ళకూ హ్యాండ్స్‌ఫ్రీ వాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇప్పటికీ ఈ నాలుగు రెట్ల మాటే చెబుతుంది.

ఆ పాలాయన సంగతి తర్వాత మా బండ్లలో బ్లూటూత్ పాటలకే.

మరి పక్క సీట్లో మనిషితో మాట్లాడితే తప్పు లేదా?

తేడా ఉంది. పక్కన కూర్చున్న మనిషికి కూడా రోడ్డు కనపడుతుంది. ఎదురుగా లారీ ఓవర్‌టేక్ చేస్తూ వస్తుంటే మాట మధ్యలో ఆపేస్తాడు, ఒక్కోసారి "చూసుకో నాయనా" అని తనే హెచ్చరిస్తాడు. ఫోన్‌లో అవతలి మనిషికి ఆ లారీ కనపడదు. మనం మాట్లాడకపోతే "వింటున్నావా?" అని ఇంకాస్త గట్టిగా అడుగుతాడు.

అయితే వెనక సీట్లో పిలకాయలు కొట్టుకుంటున్నప్పుడు తిరిగి చూసే నాన్నలకు ఈ మినహాయింపు వర్తించదు.

పోలీసులు పట్టుకుంటే ఏం చేస్తారు? చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 184 ప్రమాదకరంగా నడపడం గురించి. 2019 సవరణలో, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని పేరు పెట్టి మరీ దాని కిందికి తెచ్చారు. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళ లోపల మళ్ళీ దొరికితే రెండేళ్ళ వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

లైసెన్సుకూ ముప్పుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 21వ నిబంధన ప్రకారం లైసెన్సు రద్దు చేయదగ్గ తప్పుల్లో ఫోన్ వాడటం ఒకటి. సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లో, ఇలా దొరికినవాళ్ళ లైసెన్సును కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. నా అనుభవంలో జరిమానా మాట ఎత్తితే డ్రైవర్లు నవ్వుతారు, ఒక ట్రిప్పులో వచ్చేస్తుందంటారు. లైసెన్సు మూడు నెలలు పోతుందంటే ముఖం మారిపోతుంది.

మ్యాప్ చూడకుండా ఊరుగాని ఊరిలో ఎట్లా నడపాలి?

దారి చూపించుకోవడానికి ఫోన్ వాడొచ్చని నిబంధనే చెబుతోంది. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు అది. కాకపోతే డ్రైవరు ఏకాగ్రత చెడకుండా వాడాలన్న షరతు ఉంది.

మేం చేసేది చెబుతాను. ఊరి పేరు కొట్టడం, దారి ఎంచుకోవడం అంతా బండి స్టార్ట్ చేయకముందే. ఫోన్ స్టాండులో, అద్దానికి అడ్డం రాకుండా, ఏసీ గాలి వచ్చే చోట. సౌండ్ పెట్టుకొని చెప్పింది వినడమే, స్క్రీన్ వైపు చూడటం తక్కువ. భాకరాపేట ఘాట్‌లాంటి చోట్ల సిగ్నల్ పోతే మ్యాప్ గిర్రున తిరుగుతుంది, డ్రైవరు దాన్ని పొడుస్తూ కూర్చుంటాడు. అందుకే ఆ ఏరియా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాం.

దారి తప్పితే తప్పనివ్వండి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లోకి మ్యాప్ తీసుకుపోయిన కార్లను నేను చాలా చూశాను. అక్కడ మ్యాప్‌ను నమ్మేకంటే అద్దం దించి పూలమ్మే అమ్మను అడిగితే తొందరగా బయటపడతారు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూసుకోవచ్చు కదా?

లీలామహల్ సర్కిల్‌లో ఎర్రలైటు పడగానే సగం తలలు కిందికి వంగుతాయి, నాకు తెలుసు. చిక్కు లైటు పచ్చగా మారాక వస్తుంది. వెనక హారన్ కొడితే ఉలిక్కిపడి, పక్కన స్కూటీ ఉందో లేదో చూడకుండా క్లచ్ వదిలేస్తారు. పైగా ఫోన్ పక్కన పెట్టగానే మనసు రోడ్డు మీదికి రాదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్‌కు చెందిన ఫౌండేషన్ 2015లో ప్రకటించిన పరిశోధనలో, ఫోన్‌కో కారుకో నోటితో ఆదేశాలిచ్చాక కూడా ఆ పరధ్యానం 27 సెకన్ల వరకు ఉండొచ్చని తేలింది. 60 మీద పోతే 27 సెకన్లలో 450 మీటర్లు.

బైకు మీద హెల్మెట్‌లో ఫోన్ దూర్చుకొని మాట్లాడితే?

దూర్చినప్పుడు బాగానే ఉంటుంది. జారినప్పుడు చూడాలి. పదిహేను వేల ఫోన్ కింద పడబోతుంటే చెయ్యి హ్యాండిల్‌ను వదిలేసి దాని వెంట పోతుంది. ఆలోచించి చేసే పని కాదది. మెడకూ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి తల పక్కకు వాల్చి నడిపేవాళ్ళకు ఆ వైపు నుంచి వచ్చే బండి కనపడదు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే హారన్ వినపడదు. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

తిరుమల ఘాట్ రోడ్డులో వన్‌వేనే కదా, అక్కడేం ప్రమాదం?

ఎదురు బండి రాదన్న ధైర్యమే అక్కడి ప్రమాదం. ఎక్కడానికి రెండో ఘాట్, దిగడానికి మొదటి ఘాట్. దిగే దారి 1944 నాటిది, ఎక్కేది 1974లో వచ్చింది. పాత ఘాట్‌లో మలుపులు ఎక్కువ, ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. స్టీరింగ్‌కు రెండు చేతులూ కావాలి, గేరు మార్చడానికి అందులో ఒకటి పోతుంది. మూడో చెయ్యి ఎవరికీ లేదు.

వేగం తగ్గించడానికి టీటీడీ సమయం పెట్టింది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. కొందరు గబగబా దిగొచ్చి, చివర్లో ఓ పక్కన ఆపుకొని, ఫోన్ చూసుకుంటూ మిగతా నిమిషాలు గడుపుతారు. ఆ తెలివికి ఏమనాలో నాకు తెలియదు.

నడిపేవాళ్ళ కంటే వెనక కూర్చున్నవాళ్ళు చేసే పని ఇంకొకటుంది. మలుపు దగ్గర లోయ కనపడగానే "అన్నా, కొంచెం స్లో చెయ్, వీడియో తీసుకుంటాం" అంటారు. డ్రైవరు బ్రేకు వేస్తాడు, వెనక వచ్చే జీపు వేయదు. బైకు మీద ఒంటి చేత్తో వీడియో తీస్తూ దిగే కుర్రాళ్ళ సంగతి సరేసరి. పొదల్లో నుంచి జింకో అడవిపందో రోడ్డు మీదికి దూకితే వాళ్ళ వీడియోలో అదీ పడుతుంది.

నేను ప్యాసింజర్‌ను. డ్రైవరు ఫోన్ మాట్లాడుతుంటే ఎట్లా చెప్పాలి? ఆయనకు కోపం వస్తుందేమో.

చాలామంది ఈ మొహమాటంతోనే చిత్తూరు దాకా పిడికిలి బిగించి కూర్చుంటారు. "ఫోన్ పెట్టేయ్" అంటే ఎవరికైనా కోపమే. "అన్నా, పక్కన ఆపి తీరిగ్గా మాట్లాడుకో, మాకేం తొందర లేదు" అనండి. ఇంతవరకు ఈ మాటకు ఎదురు చెప్పిన డ్రైవరును నేను చూడలేదు. షేర్ ఆటోలో అయితే ఒకరంటే వినడు, ఇద్దరంటే వింటాడు. ఎంత చెప్పినా వినకపోతే దిగిపోండి. తిరుపతిలో ఇంకో ఆటో రావడానికి రెండు నిమిషాలు పట్టదు.

మా డ్రైవరే అలా చేస్తే నాకు చెప్పండి. బండి ఆగాక.

మేం ఆటో, డెలివరీ వాళ్ళం. ఫోన్ చూడకపోతే బుకింగ్ పోతుంది. ఏం చేయమంటారు?

ఇది నిజమైన కష్టం, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొన్ని సెకన్లలో నొక్కకపోతే ఆర్డరు ఇంకొకరికి పోయేలా యాప్ తయారుచేసి, రోడ్డు మీద ఫోన్ చూడొద్దని కుర్రాడికి నీతులు చెప్పడం సబబు కాదు. తిరుచానూరు రోడ్డులో ఒక డెలివరీ కుర్రాణ్ణి అడిగితే, తనైతే సందు చివర బండి ఆపుకొని నొక్కుతానని, ఒకటి రెండు పోయినా ఫరవాలేదని అన్నాడు. ఆ ఒకటి రెండు అతని పెట్రోలు డబ్బులు. భోజనం తెప్పించుకునేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది: అడ్రసు పూర్తిగా, గుర్తుతో సహా రాయండి. కుర్రాడు బయల్దేరాక "ఎక్కడున్నావ్" అని మూడుసార్లు ఫోన్ చేయకండి.

ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తకపోతే వాళ్ళు టెన్షన్ పడరా?

పడతారు. ముందే చెప్పకపోతే ఇంకా పడతారు. బయల్దేరేటప్పుడు "ఎనిమిదికి పలమనేరులో టీ తాగేటప్పుడు చేస్తా" అని చెప్పి, చెప్పినట్టు చేస్తే నాలుగు ట్రిప్పులకు ఇంట్లోవాళ్ళకూ అలవాటవుతుంది. డ్రైవింగ్‌లో ఉన్నామని దానంతట అదే మెసేజ్ పంపే సదుపాయం ఐఫోన్‌లో 2017 నుంచి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికీ డ్రైవింగ్ మోడ్ ఉంటుంది.

మా ఇంట్లో ఇంకో పద్ధతి. మా ఆవిడ మామూలు విషయాలకు మెసేజ్ పెడుతుంది. వెంటవెంటనే రెండుసార్లు ఫోన్ మోగితే నిజంగా అర్జెంటు అని గుర్తు. అప్పుడు కూడా ఎత్తడం లేదు, ఆపడానికి చోటు వెతుక్కుంటాను.

ఆపడం అంటే హైవే మలుపులో తెల్లగీత పక్కకు ఆపడం కాదని కొత్త డ్రైవర్లకు మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. చీకట్లో ఆగి ఉన్న కారు వెనక లారీ ఎట్లా వస్తుందో మొగిలి ఘాట్ వైపు తిరిగేవాళ్ళకు తెలుసు. పెట్రోలు బంకు, హోటలు, టోల్ గేటు దాటాక ఖాళీ స్థలం. అక్కడే.

యాక్సిడెంట్ అయ్యాక ఫోన్‌లో ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది?

కాల్ రికార్డుకు తెలుస్తుంది. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు కాల్ మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది పోలీసులు కంపెనీ నుంచి తెప్పించుకోగలరు. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ళ వరకు జైలు, జరిమానా. దెబ్బతిన్నది మీరే అయి, మీరూ ఫోన్‌లో ఉన్నారని తేలితే, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో మీ తప్పు పాలును బట్టి పరిహారం తగ్గించవచ్చు.

ఫోన్ చేసిన మనిషి మీద ఏ సెక్షనూ లేదు. పాలాయన కేసులో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

నడిచి పోయేవాళ్ళకూ ఇది వర్తిస్తుందా?

ఫోన్ చూస్తూ రోడ్డు దాటేవాళ్ళకు తప్పకుండా. కానీ నేను ఎక్కువగా చెప్పేది నడిచేవాళ్ళ గురించి డ్రైవర్లకు. పెరటాసి నెలలో (తమిళుల పురటాసి, సెప్టెంబరు-అక్టోబరు) తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకొని వేలమంది కొండకు నడిచి వస్తారు. నగరి, పుత్తూరు, రేణిగుంట దారి పొడవునా రాత్రీ పగలూ ఉంటారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లైటు వెలుగులో పసుపు రంగు కూడా దగ్గరికి వచ్చేదాకా తేలదు. చెప్పులు లేని కాళ్ళు, రోడ్డు పక్కన రాళ్ళు గుచ్చుకుంటాయని తారు మీదే నడుస్తారు. ఆ నెలంతా మా డ్రైవర్ల ఫోన్లు డిక్కీలో, బ్యాగులో ఉంటాయి. స్టాండులో కూడా వద్దన్నాను. ఆ రోడ్డు వాళ్ళకు మ్యాప్ లేకపోయినా తెలుసు.

దారిలో యాక్సిడెంట్ కనపడితే?

అప్పుడు ఫోన్ తీయండి. బండి పక్కన పెట్టి 108కి చేయండి. పోలీసులకు 112, జాతీయ రహదారి మీదయితే 1033. ఎక్కడున్నారో చెప్పడానికి కిలోమీటరు రాయి చూడండి. సాయం చేసినవాళ్ళకు మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ రక్షణ ఉంది, మీ పేరు, అడ్రసు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. గాయపడ్డవాళ్ళకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేయించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది, ఆసుపత్రిలో ఆ మాట అడగండి. వీడియో తీయడానికి అక్కడ ఎటూ నలుగురుంటారు, ఐదోవాళ్ళు అక్కర్లేదు.

డ్రైవరు ఫోన్ ఎత్తకపోతే మా అమ్మానాన్నలు ఎక్కడున్నారో మాకెట్లా తెలుస్తుంది?

ఆఫీసుకు చేయండి. బయల్దేరేటప్పుడే డ్రైవరు లైవ్ లొకేషన్ నాకు పెట్టి ఫోన్ పక్కన పడేస్తాడు. బండి గాదంకి టోల్ గేటు దాటిందా, చంద్రగిరి వచ్చిందా అన్నది నా స్క్రీన్ మీద కనపడుతుంది, మీకు చెబుతాను. బండి కదులుతున్నంతసేపు నేనూ అతనికి ఫోన్ చేయను. ఆ చుక్క ఎక్కడైనా పది నిమిషాలు ఆగితే అప్పుడు చేస్తాను. సాధారణంగా అవతల టీ గ్లాసుల చప్పుడు వినపడుతుంది.